బైకుకు జీపీఎస్ ఎక్కడ బిగించాలి: చోటు వెతకడం నుంచి వైరు లాగడం దాకా

జీపీఎస్ పెట్టుకుందామనుకున్నవాళ్లలో చాలామంది ముందు క్లాంపు కొంటారు. అది హ్యాండిల్ మీద ఎక్కడ పడితే అదే చోటు అనుకుని సర్దుకుపోతారు. పది రోజులు తిరిగాక స్పీడు మీటరు సగం కప్పేసిందనో, తాళంచెవి తిప్పడానికి వేళ్లు దూరడం లేదనో, మిట్టమధ్యాహ్నం స్క్రీన్ మీద ఆకాశం తప్ప ఏమీ కనిపించడం లేదనో తెలుస్తుంది. ఈ వరసను తిరగేయాలి. ముందు కన్ను, తర్వాత చెయ్యి, ఆ తర్వాత హ్యాండిల్ తిరుగుడు, అదురు, ఎండావానా, వైరు. ఇవన్నీ చూశాక మిగిలిన చోటుకి సరిపడే క్లాంపు కొనాలి. కొనడం చివరి పని.

ఇక్కడ చెప్పేది బైకుల కోసమే చేసిన జీపీఎస్ పరికరానికీ, దారి చూసుకోవడానికి వాడే ఫోనుకీ రెండిటికీ వర్తిస్తుంది. తేడా ఉన్న చోట విడిగా చెప్పాం.

అట్టముక్కతో మొదలుపెట్టండి

కావలసినవి: గట్టి అట్ట, మాస్కింగ్ టేపు, కొలత టేపు, నాలుగైదు కేబుల్ టైలు, అరచేతిలో పట్టే చిన్న అద్దం, సన్న మొన పెన్ను. సాయానికి ఒక మనిషి.

అట్టను పరికరం కొలతకే కాకుండా, హోల్డరుతో కలిపిన కొలతకు కత్తిరించండి. ఇప్పటి పెద్ద ఫోన్లు దాదాపు 160 మి.మీ. పొడవు, 75 నుంచి 78 మి.మీ. వెడల్పు ఉంటాయి. హోల్డరు దవడలు పక్కకి మరో 10 మి.మీ. చొప్పున తీసుకుంటాయి. ఛార్జింగ్ పిన్నుకీ చోటు వదలాలి. తిన్నగా ఉండే పిన్ను, వైరు వంపుతో కలిపి 30 మి.మీ. దాకా కిందికి పొడుచుకొస్తుంది. ఎల్ ఆకారంలో వంగిన పిన్ను అయితే దానిలో సగం కూడా అక్కర్లేదు. ఆ పిన్ను భాగాన్ని కూడా అట్టలో తోకలా కత్తిరించి ఉంచండి. చోటు సరిపోయిందనుకున్న చాలా సందర్భాల్లో చివరికి తగిలేది ఈ తోకే. అట్ట వెనక హోల్డరు, అది అటూ ఇటూ తిరిగేలా చేసే కీలు బంతి, దాన్ని బండికి కలిపే చేతికడ్డీ మందం కోసం 60 నుంచి 100 మి.మీ. ఎత్తున్న ఖాళీ పెట్టె ఏదైనా అతికిస్తే నమూనా సిద్ధం.

బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టండి, లేదా సాయం వచ్చిన మనిషిని నిటారుగా పట్టుకోమనండి. సైడు స్టాండు మీద ఉంటే బండి ఒరిగి, మీరు కూర్చునే తీరూ చూపు కోణమూ రెండూ మారిపోతాయి. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ వేసుకునే కూర్చోండి. హెల్మెట్ లేకుండా చూసుకుని చోటు నిర్ణయించడం ఈ పనిలో జరిగే అతి మామూలు పొరపాటు. ముఖమంతా మూసే హెల్మెట్‌లో గడ్డం దగ్గరి భాగం కింది చూపును కోసేస్తుంది. తల వంచకుండా కళ్లు మాత్రమే దించి చూడండి. బండి మీద ఎక్కడిదాకా కనిపిస్తోందో అక్కడ టేపు ముక్క అతికించండి. ఆ గీతకు దిగువన జీపీఎస్ పెట్టకూడదు. పెడితే చూసిన ప్రతిసారీ తల వంచాలి, తల వంచిన ప్రతిసారీ రోడ్డు పూర్తిగా పోతుంది.

చూపు

గంటకు 60 కి.మీ. వేగంలో బండి ఒక్క సెకనులో 16.7 మీటర్లు దాటుతుంది. 100 కి.మీ. వేగంలో దాదాపు 28 మీటర్లు. స్క్రీన్ చూసి మళ్లీ రోడ్డు మీదికి వచ్చే చూపు ఎంత తక్కువ దూరం తిరిగితే అంత మంచిది. అందుకే మీటరుకు సరిగ్గా పైన, లేదా ఆనుకుని పక్కన ఉన్న చోటు అన్నిటికన్నా మేలు. దూరం కూడా లెక్కలోకి వస్తుంది. దూరంగా ఉన్న రోడ్డు నుంచి దగ్గరి స్క్రీన్‌కి కన్ను సర్దుకోవాలి. స్క్రీన్ ఎంత దగ్గరైతే ఆ శ్రమ అంత ఎక్కువ. చత్వారం వచ్చినవాళ్లకి ట్యాంకు మీద పెట్టిన స్క్రీన్ మసకగా ఉంటుంది. అదే స్క్రీన్ 60, 70 సెం.మీ. దూరంలో మీటరు పైన ఉంటే హాయిగా చదవగలుగుతారు.

మీ మనిషి అట్టను ఒక్కో చోట పట్టుకుని ఉండగా ఈ మూడూ చూడండి. ముందు చక్రం దాటాక కనిపించే రోడ్డు, అంటే గుంతలు పసిగట్టే చూపు, అట్ట వెనక దాక్కోకూడదు. మీటరులో వేగం అంకె, ఇండికేటర్, న్యూట్రల్, ఇంజిన్ ఆయిలు, ఏబీఎస్ దీపాలన్నీ కనిపించాలి. తాళం వేసి, దీపాలు వెలిగించి మరీ చూడండి, ఆరి ఉన్నప్పుడు దేన్ని కప్పేశామో గుర్తుకు రాదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపే అలవాటుంటే నిలబడి కూడా చూడాలి.

ఇక అద్దం పని. అట్ట మీద చిన్న అద్దాన్ని టేపుతో అతికించి, మామూలుగా నడిపే తీరులో కూర్చుని దాన్ని చూడండి. అద్దంలో మీ హెల్మెట్ ముఖం కనిపిస్తే స్క్రీన్ మీ చూపుకు ఎదురుగా ఉన్నట్టు. ఆకాశం కనిపిస్తే ఎండలో స్క్రీన్ మీదా ఆకాశమే కనిపిస్తుంది, మ్యాపు కనిపించదు. లేత రంగు జాకెట్ ఛాతీ కనిపించినా తెల్లటి మచ్చ పడుతుంది. అద్దాన్ని కొద్దికొద్దిగా వంచుతూ హెల్మెట్ లోపలి నలుపు నిండుగా కనిపించే కోణం పట్టుకోండి. ఆ కోణాన్ని బండికి పక్కనుంచి ఫొటో తీసి ఉంచుకుంటే బిగించేటప్పుడు పనికొస్తుంది. స్క్రీన్ వెలుగు పెంచడం కన్నా ఈ రెండు నిమిషాల పనే ఎండలో ఎక్కువ ఆదుకుంటుంది.

పోలరైజ్డ్ (మెరుపు తగ్గించే) కళ్లద్దాలు వాడేవాళ్లు ఇంకొకటి చూడాలి. కళ్లద్దాలు పెట్టుకుని, పరికరాన్ని ఆన్ చేసి నిలువుగా, అడ్డంగా తిప్పండి. కొన్ని స్క్రీన్లు ఒక వైపు తిప్పితే పూర్తిగా నల్లబడిపోతాయి. నిలువా, అడ్డమా అన్నది అప్పుడే తేలుతుంది.

చెయ్యి, హ్యాండిల్ తిరుగుడు

కుడి చెయ్యి యాక్సిలరేటర్‌ని, ముందు బ్రేకునీ వదలకూడదు. స్క్రీన్‌ని తాకే పని ఏదైనా ఎడమ చేతిదే. కాబట్టి నడుమ చోటు దొరక్కపోతే ఎడమకి జరగాలి, కుడికి కాదు.

అట్టను ఎంచుకున్న చోట కేబుల్ టైలతో కట్టేసి హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. ట్యాంకు, విండ్‌షీల్డ్, ఫెయిరింగ్ (ముందు భాగపు ప్లాస్టిక్ తొడుగు) దేనికీ తగలకూడదు, కనీసం 10 నుంచి 15 మి.మీ. సందు మిగలాలి. నిలబడి ఉన్నప్పుడు తగలనిది అదురులో తగులుతుంది. క్లచ్, బ్రేకు లివర్లు చివరిదాకా నొక్కి చూడండి. హ్యాండిల్ లాకు వేసి తాళంచెవి తీయండి, మళ్లీ పెట్టండి. పెట్రోలు మూత తెరిచి చూడండి. ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును గట్టిగా కిందికి నొక్కండి. చాలా బళ్లలో బ్రేకు హోసు, కేబుళ్లు అప్పుడు పైకి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి అట్ట అడ్డం రాకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బండి దేనికైనా ఎదురుగా గుద్దుకుంటే నడిపే మనిషి ట్యాంకు మీదుగా ముందుకు దూసుకెళ్తాడు. ఆ దారిలో ఛాతీకి, గొంతుకి ఎదురుగా పొడవాటి లోహపు కడ్డీ నిలబడి ఉండకూడదు. బిగింపు పొట్టిగా ఉండాలి, దెబ్బ తగిలితే బంతి దగ్గర తిరిగిపోయేలా ఉండాలి. పైపుని చుట్టి పట్టే యూ ఆకారపు బోల్టు (యూ బోల్టు) వాడితే, నట్టు దాటి పొడుచుకొచ్చిన దాని మరలను హాక్సాతో కోసి, ఆకురాయితో నునుపు చేసి గుండ్రటి తల నట్టు వేయండి.

ఏ చోటులో ఏముంది

మీటరు పైన అడ్డ కడ్డీ. దూరప్రయాణాల బళ్లలో విండ్‌షీల్డ్ వెనక సన్నటి పైపు ఒకటి ఉంటుంది, లేదా విడిగా బిగించుకోవచ్చు. రోడ్డుకు అతి దగ్గరి చూపు ఇక్కడే దొరుకుతుంది. ఫెయిరింగ్‌కి పట్టి ఉన్న కడ్డీ అయితే హ్యాండిల్‌తో పాటు తిరగదు, వాన సూటిగా పడదు. ఉంటే ముందు దీన్నే చూడండి. చిక్కల్లా కడ్డీ బలం. 12 మి.మీ. సన్న కడ్డీ కొసకు బరువైన ఫోను, పొడవాటి చేతికడ్డీ తగిలిస్తే గతుకుల్లో కొమ్మలా ఊగుతుంది. కడ్డీ విండ్‌షీల్డ్ బ్రాకెట్‌కే పట్టి ఉంటే గాలికి షీల్డ్ కొట్టుకున్నప్పుడల్లా స్క్రీన్ కూడా కొట్టుకుంటుంది. పరికరాన్ని కడ్డీకి వీలైనంత ఆనించి, రెండు ఆధారాల నడుమ పెట్టండి. ఈ కడ్డీలు 12, 16, 22 మి.మీ. ఇలా రకరకాలుగా వస్తాయి, కొలవకుండా క్లాంపు కొనొద్దు.

హ్యాండిల్ నడి భాగం. అడ్డ కడ్డీ లేని బళ్లలో మొదటి ఎంపిక ఇదే. హ్యాండిల్ పైపు మామూలుగా 22.2 మి.మీ. ఉంటుంది, క్రూయిజర్లలో 25.4, లావు నడుము హ్యాండిళ్లలో నడుమ 28.6, కొసల దగ్గర 22.2. వ్యాసం కొలిచే వెర్నియర్ స్కేలు లేకపోయినా కొలవచ్చు. సన్నటి కాగితం పట్టీని పైపు చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట గీత గీసి విప్పి కొలవండి. 70 మి.మీ. వస్తే 22.2 పైపు, 80 వస్తే 25.4, 90 వస్తే 28.6. పైపు సన్నబడుతూ పోయే చోట, వంపు మొదలయ్యే చోట క్లాంపు పెట్టకూడదు. ఒక అంచు మాత్రమే పట్టుకుంటుంది, అదురుకి సన్న వైపు జారుతూ వదులైపోతుంది. 25 నుంచి 30 మి.మీ. తిన్నటి పైపు కావాలి. కార్బన్ ఫైబర్ హ్యాండిల్‌కి యూ బోల్టు బిగించొద్దు, నలిగితే బయటికి కనిపించకుండానే లోపల చీలుతుంది. ఏ హ్యాండిల్‌కైనా సరే రంధ్రం వేయడం అన్న మాటే లేదు.

హ్యాండిల్‌ని పట్టుకునే క్లాంపు బోల్టులు. పైపు మీద చోటు లేకపోతే ఈ బోల్టుల్లో ఒకదాని తల కింద బంతి ఉన్న దిమ్మ పెట్టొచ్చు. చాలా బళ్లలో ఇవి ఎం8 బోల్టులు, అంటే 8 మి.మీ. వ్యాసం మర ఉన్నవి. అదురు తక్కువ, చోటు నడుమ. కానీ ఇక్కడ తప్పు చేస్తే హ్యాండిల్ ఊడుతుంది, అందుకే కొంచెం ఎక్కువ చెప్పాలి. పాత బోల్టు మీదే దిమ్మ పెడితే దిమ్మ మందమంత మర తగ్గిపోతుంది. దిమ్మ మందం 8 మి.మీ. ఉంటే కొత్త బోల్టు పాతదాని కన్నా సరిగ్గా 8 మి.మీ. ఎక్కువ పొడవుండాలి. అంతకన్నా పొడవైతే ఇంకో ప్రమాదం. రంధ్రం అడుగు మూసుకుని ఉంటే బోల్టు కొస అడుక్కి తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, క్లాంపు మాత్రం పైపుని పట్టుకోదు. బోల్టు బలం తరగతి పాతదానితో సమానంగా, లేదా ఎక్కువగా ఉండాలి. తల మీద 8.8, 10.9 అని రాసి ఉంటుంది. ఒక్కో బోల్టే విప్పి మార్చండి, మిగతావి బిగిసే ఉండాలి. బిగింపు బలం మీ బండి సర్వీసు పుస్తకంలో చూసి టార్క్ రెంచితోనే (బిగింపు బలం కొలిచే స్పానర్) బిగించండి.

క్లచ్ లివర్ క్లాంపు. ఎం6 బోల్టులు, బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లు. ఎడమ చేతికి అందుబాటు, తేలికైన పరికరానికి సరిపోతుంది. కుడి వైపు బ్రేకు ఆయిలు డబ్బా క్లాంపు కూడా ఇలాగే ఉంటుంది, కానీ దాని జోలికి వెళ్లొద్దని మా సలహా. బ్రేకు పట్టును మ్యాపు కోసం కదపాల్సిన అవసరం లేదు.

సైడ్ మిర్రర్ కాండం. స్కూటర్లకి తరచూ ఇదొక్కటే దారి. మర ఎక్కువగా ఎం10, 1.25 మి.మీ. పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం), కొన్నిటికి ఎం8. యమహా బళ్లలో చాలావాటికి కుడి మిర్రర్ మర ఎదురు తిరుగుడుది. తెలియక బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. కాండం సన్నగా, హ్యాండిల్ కొసకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదురు ఎక్కువ. కాండం మధ్యలో కాకుండా మొదట్లోనే దిమ్మ పెట్టండి.

స్టీరింగ్ నడి రంధ్రం. స్పోర్ట్స్ బళ్లలో పైపు హ్యాండిల్ ఉండదు, నడుమ నట్టులో బోలు రంధ్రం ఉంటుంది. అందులో రబ్బరు గొట్టం పెట్టి బోల్టు బిగిస్తే రబ్బరు ఉబ్బి పట్టుకుంటుంది. రంధ్రం వ్యాసం పై అంచు దగ్గరే కాక 20, 25 మి.మీ. లోతులో కూడా కొలవండి. చాలావాటిలో లోపల వెడల్పు మారుతుంది. పై కొలత చూసి కొన్న రబ్బరు లోపల గాలిలో వేలాడుతుంది. ఇది మీటరు కన్నా దిగువ చోటు కాబట్టి హెల్మెట్ గీత పరీక్ష ఇక్కడ తప్పనిసరి. తాళం రంధ్రం పక్కనే ఉంటుంది, చెవికి అడ్డం పడకుండా చూడాలి. తాళంచెవిలో చిప్ ఉన్న బళ్లలో వైర్లెస్ ఛార్జరు హోల్డరును తాళానికి ఆనించి పెడితే చిప్ చదవడానికి ఆటంకం రావచ్చు.

ట్యాంకు మీద సంచి. బిగించడం అతి సులువు, చూడడం అతి కష్టం. స్క్రీన్ హెల్మెట్ గీతకి దిగువన, పైగా ప్లాస్టిక్ పొర కింద వేడి, మెరుపు. చెవిలో మాట విని వెళ్లేవాళ్లకి ఫోను దాచుకునే చోటుగా పర్వాలేదు.

అంటించే దిమ్మలు. మీటరు పక్క ప్లాస్టిక్ మీద చదునైన జాగా ఉంటే 3ఎం వీహెచ్‌బీ లాంటి నురుగు టేపు బాగా పట్టుకుంటుంది. ఉపరితలాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి, గట్టిగా నొక్కి అంటించండి. మామూలు గది వేడిలో పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ బరువు పెట్టొద్దు. గరుకు ప్లాస్టిక్ మీద, వంపు మీద ఇది నిలవదు.

సిగ్నల్ గురించి చాలామంది బెంగపడతారు కానీ చోటు నిర్ణయంలో దాని పాత్ర చిన్నది. ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తులో ఉంటాయి, వాటి సంకేతం చాలా బలహీనం, నిజమే. కానీ విండ్‌షీల్డ్ ప్లాస్టిక్ దాన్ని ఆపదు. ఆపేది పైన కప్పే లోహం, కార్బన్ ఫైబర్. పరికరం పై అంచుకు ఆకాశం కనిపిస్తే చాలు. నాసిరకం యూఎస్‌బీ ఛార్జరు మాత్రం విద్యుత్ రొదతో సంకేతాన్ని చెడగొట్టవచ్చు. ఛార్జరు పీకితే స్థానం సరిగ్గా చూపించి, పెట్టగానే తడబడితే అనుమానం దాని మీదే.

అదురు కొలవడం

హ్యాండిల్‌ని నడుమ పట్టుకుని ఉంటారు, కొసలు గాలిలో ఉంటాయి. అందుకే నడుమ అదురు తక్కువ, కొసల వైపు పోయేకొద్దీ ఎక్కువ. రెండు మూడు సెంటీమీటర్లు నడుమకి జరిపినా తేడా తెలుస్తుంది.

కొలవడానికి పరికరం అక్కర్లేదు. మాస్కింగ్ టేపు ముక్కల మీద సన్న మొన పెన్నుతో 2 మి.మీ. ఎత్తున అంకెలు రాసి, మీరు ఆలోచిస్తున్న చోట్లన్నిటా అతికించండి. ఆరుబయట, బండి న్యూట్రల్‌లో ఉంచి, మీరు ఎక్కువసేపు నడిపే ఇంజిన్ వేగానికి యాక్సిలరేటర్ తిప్పండి. ఏ చోట అంకెలు స్పష్టంగా చదవగలుగుతున్నారో అక్కడ అదురు తక్కువ. అంకె రెండుగా చీలినట్టో, బూడిద గీతలానో కనిపిస్తే ఆ చోటు వదిలేయండి. మూడు వేర్వేరు వేగాల దగ్గర చూడండి. ఒక వేగంలో నిశ్చలంగా ఉన్న చోటు మరో వేగంలో గజగజలాడవచ్చు. గాలితో చల్లబడే ఇంజిన్ని నిలబెట్టి నిమిషానికి మించి రేసు చేయొద్దు.

ఫోను వాడేవాళ్లు ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కెమెరా వణుకుని సరిదిద్దే వ్యవస్థలో లెన్సు సన్నటి ఆధారాల మీద అయస్కాంతాలతో తేలుతూ ఉంటుంది. ఎక్కువ శక్తి గల మోటారుసైకిల్ ఇంజిన్ల అదురు హ్యాండిల్ ద్వారా ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. చెడిన ఫోను ఫొటోలు మసకబారతాయి, కెమెరా తెరవగానే టకటక చప్పుడు వస్తుంది. ఫోనుకీ బంతికీ మధ్య అదురు పీల్చే రబ్బరు డ్యాంపరు తప్పక ఉండాలి. అది మీ ఫోను బరువుకు తగినది కావాలి. మరీ మెత్తగా ఉంటే గతుకుల్లో ఫోను తలాడిస్తుంది, మరీ గట్టిగా ఉంటే లేనట్టే. ఇంట్లో కెమెరా చెడినా ఫర్వాలేదనుకునే పాత ఫోను ఉంటే దాన్ని మ్యాపులకే కేటాయించడం ఇంకా మంచిది. బైకుల కోసం చేసిన జీపీఎస్‌లకి ఈ బాధ లేదు, వాటిలో ఇలాంటి కెమెరా ఉండదు.

ఎండ, వాన

ఆపిల్ తన ఫోన్లకి చెప్పే వాడుక ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఎండలో, పూర్తి వెలుగుతో, ఛార్జింగ్ అవుతూ ఉన్న ఫోను దాన్ని ఇట్టే దాటి తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. విండ్‌షీల్డ్ చాటున వాన తక్కువే కానీ గాలీ తక్కువే. వేడి చోట్ల ఫోను వాడేవారు షీల్డ్‌కి ఆనించకుండా వెనక గాలి ఆడేలా పెట్టాలి. వైర్లెస్ ఛార్జింగ్ ఫోనుని మరింత వేడెక్కిస్తుంది, వైరే మేలు.

పరికరం మీద నీటి రక్షణ స్థాయిగా రాసే ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నిలవ నీటిలో 30 నిమిషాలు తట్టుకోవడం. ప్రెషర్ వాషర్ ధార దాని కిందికి రాదు. మామూలు ఫోను ఛార్జింగ్ రంధ్రం పైకి ఉండకూడదు, కిందికో పక్కకో ఉండాలి. వైరు రంధ్రం కన్నా కిందికి ఒకసారి దిగి మళ్లీ పైకి వెళ్లేలా వంపు ఉంచితే నీళ్లు వైరు వెంట జారి ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

ఇప్పుడు కొనండి, బిగించండి

ఈపాటికి చోటు, పైపు కొలత, కోణం, చేతికడ్డీ పొడవు అన్నీ తేలి ఉంటాయి. బిగింపుల్లో మూడు భాగాలు: బండిని పట్టుకునే దిమ్మ, నడుమ చేతికడ్డీ, పరికరాన్ని పట్టుకునే హోల్డరు. ర్యామ్ కంపెనీ తరహా బంతుల్లో బైకులకి ఎక్కువగా వాడేది 25.4 మి.మీ. బంతి. 14 మి.మీ. బంతి చిన్న పరికరాలకి, 38 మి.మీ. బంతి ట్యాబ్లెట్లకి. హోల్డరు వెనక నాలుగు రంధ్రాలు 30 × 38 మి.మీ. దూరంలో ఉంటే అది ఆంప్స్ అనే ఉమ్మడి కొలత, వేర్వేరు కంపెనీల భాగాలు కలుస్తాయి. చేతికడ్డీ సందేహం వస్తే పొట్టిదే తీసుకోండి. పొడవు పెరిగితే ఊపు పెరుగుతుంది.

1. పైపుని ఆల్కహాల్‌తో తుడవండి. నూనె మరక ఉంటే ఎంత బిగించినా తిరుగుతుంది.

2. పైపు మీద 1 మి.మీ. రబ్బరు చుట్టండి. సైకిలు ట్యూబు ముక్క చాలు. రంగు గీసుకుపోదు, పట్టు పెరుగుతుంది. ఒక్క చుట్టే, అంచులు ఒకదాని మీదొకటి ఎక్కకూడదు.

3. యూ బోల్టు నట్లు రెండూ అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. చివర్లో రెండు వైపులా సమానంగా మరలు కనిపించాలి. ఒక వైపే పూర్తిగా బిగిస్తే దిమ్మ ఒరిగి, అంచు మీద నిలుస్తుంది.

4. లోహపు మరలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్ తగిలే చోట వద్దే వద్దు. అది ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లను పెళుసు చేసి పగిలేలా చేస్తుంది. అక్కడ లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు వాడండి.

5. బంతులు పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. అద్దం పెట్టి తీసిన ఫొటో చూసి కోణం కుదిర్చి, నాబ్ బిగించండి.

6. ప్రతి నట్టు మీదుగా దిమ్మ మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది, స్పానర్ పట్టకుండానే తెలుస్తుంది.

హోల్డరుని పట్టుకుని గట్టిగా ఊపండి. బండి ఊగాలి, హోల్డరు ఊగకూడదు. పరికరానికి 10, 12 సెం.మీ. పొట్టి తాడు కట్టండి. హోల్డరు వదిలేసినా అది లివర్లలోకి గానీ చక్రంలోకి గానీ చేరకూడదు, తాడు పొడవు అందుకు తగ్గట్టే ఉండాలి.

వైరు

5 వోల్టులు, 2 ఆంపియర్ల ఛార్జింగ్ అంటే 10 వాట్లు. బ్యాటరీ నుంచి దానికి సుమారు 1 ఆంపియరు పోతుంది. 3 ఆంపియర్ల ఫ్యూజు, 0.75 చదరపు మి.మీ. వైరు సరిపోతాయి. వేగంగా ఛార్జి చేసే 20 వాట్ల ఛార్జరుకి 5 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 15, 20 సెం.మీ. లోపే ఉండాలి. దూరంగా పెడితే ఆ నడుమ వైరు ఒరుసుకుని బండి చట్రానికి తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

నేరుగా బ్యాటరీకి కలిపి వదిలేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఊరికే ఉన్న ఛార్జరు 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే రోజుకి 0.48 ఆంపియర్ అవర్. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఎనిమిది రోజుల్లో పోతుంది. అందుకే తాళంతో ఆన్, ఆఫ్ అయ్యే లైను కావాలి. బండికి కంపెనీ ఇచ్చిన యాక్సెసరీ కనెక్టరు ఉంటే అదే వాడండి. లేకపోతే రిలే పెట్టండి, అంటే తాళం లైనులోని చిన్న కరెంటుతో బ్యాటరీ లైనుని ఆన్ చేసే స్విచ్చు. 30వ పిన్ను ఫ్యూజు ద్వారా బ్యాటరీ ప్లస్‌కి, 87 ఛార్జరుకి, 86 తాళంతో వచ్చే లైనుకి, 85 ఎర్తుకి. కంప్యూటరు దీపాలను కూడా గమనించే కొత్త బళ్లలో దీపం వైరుని కోసి కలపొద్దు, బల్బు లోపం అని చూపిస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, ముగించేటప్పుడు చివర్లో కలపాలి.

వైరుని కంపెనీ వైర్ల కట్ట వెంటే, స్టీరింగ్ ఇరుసుకు వీలైనంత దగ్గరగా తీసుకెళ్లండి. అక్కడ వైరు వంగుతుందే తప్ప సాగదు. హ్యాండిల్ పక్కగా తీసుకెళ్తే ప్రతి మలుపులోనూ సాగి, కొన్నాళ్లకి తొడుగు బాగానే ఉన్నా లోపలి తీగలు తెగుతాయి. ఇరుసు దగ్గర ఒక చిన్న చుట్టు వదులు వదలండి. ఇంజిన్ భాగాలకు, సైలెన్సర్ పైపుకి దూరంగా ఉంచండి.

అంతా కట్టాక ఇంజిన్ని ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ఏ వైపున్నా ఇంజిన్ వేగం పెరిగితే మీ వైరో, కేబుల్ టైనో యాక్సిలరేటర్ కేబుల్‌ని లాగుతోందని అర్థం. దాన్ని విప్పి మళ్లీ వేసేదాకా బండి రోడ్డెక్కకూడదు.

మొదట 10 కి.మీ. తిరిగి వచ్చి పెయింటు గీతలు, నాబ్, తాడు చూడండి. చుట్టిన రబ్బరు నలిగి సర్దుకోవడంతో మొదటి ప్రయాణం తర్వాత నట్లు కొంచెం వదులవడం మామూలే, అర చుట్టు బిగిస్తే సరిపోతుంది. 100 కి.మీ. దగ్గర మరోసారి. అప్పుడూ గీత జరిగి ఉంటే బిగింపు బలం తక్కువ కాదు, క్లాంపు కొలతే పైపుకి సరిపోలేదు. కాగితం పట్టీ మళ్లీ చుట్టి కొలవండి.